లీటరుకు కిలో, నీళ్ళకు మాత్రమే

మా చెల్లెలి రెండో పాప నెలలు నిండకముందే పుట్టింది. తొమ్మిది రోజులు పసిపిల్లల ప్రత్యేక వార్డులో ఉంచారు. లోపలికి ఒక్కసారికి ఒక్కరినే పంపేవాళ్ళు. చెల్లెలు కాసేపు నిద్రపోయే వేళ నేను వెళ్ళి పాప పక్కన కూర్చునేవాణ్ణి. రెండో రోజు సాయంత్రం నర్సు వచ్చి పాపకు డైపర్ మార్చారు. విప్పినదాన్ని చెత్తబుట్టలో పడేయకుండా పక్కనున్న చిన్న తూకం మీద పెట్టారు. 59 చూపించింది. డైపర్ అంచున ముందే పెన్నుతో రాసి ఉన్న 22 అనే అంకెను చూసుకుని, చార్టులో "37 ఎంఎల్" అని రాశారు.

తూచింది గ్రాముల్లో, రాసింది మిల్లీలీటర్లలో. మధ్యలో ఒక తీసివేత తప్ప వేరే లెక్కేమీ లేదు. పాప ఒంట్లోంచి ఎంత నీరు బయటికి పోయిందో తెలుసుకోవడానికి కొలపాత్ర అక్కర్లేకపోయింది. ఆ 37 వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకుని వదిలేసిన "లీటరు నీళ్ళు కిలో" అన్న మాట, కిలోన్నర కూడా లేని ఒక ప్రాణానికి ఇలా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

అదే రాత్రి ఇంట్లో మేనల్లుడి లెక్కల నోటుబుక్కు చూశాను. 5 లీటర్ల నూనె బరువెంత అని ప్రశ్న. నూనె సాంద్రత లీటరుకు 0.92 కిలోలు అని పక్కనే ఇచ్చారు. వాడు ఆ 0.92ని వదిలేసి జవాబు 5 కిలోలు అని రాశాడు. ఇదేమిట్రా అంటే, "లీటరంటే కిలోనే కదా మామయ్యా, అది ఊరికే ఇచ్చారు" అన్నాడు.

ఒకే మాట. వార్డులో అది నిజం, నోటుబుక్కులో అది తప్పు. అప్పటినుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. నాకు తేలిందేమిటంటే, ఈ మాటలో లీటరు కన్నా, కిలో కన్నా ముఖ్యమైనది "నీళ్ళు" అన్న మాట. దాన్ని మనం పలకడం మానేశాం. పలికితే, ఇంట్లో తూకం ఉన్న ఎవరికైనా ఇంతకు మించిన కొలత సాధనం లేదు. మానేస్తే, లెక్క ఎక్కడ తప్పిందో కూడా కనబడదు.

ముడి వేసింది మనుషులే

లీటరు నీళ్ళు సరిగ్గా కిలో ఎందుకు తూగుతాయి? చాలామంది దీన్ని ప్రకృతిలో కుదిరిన విచిత్రం అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఇది కావాలని వేసిన ముడి. ఫ్రాన్స్‌లో విప్లవం తర్వాత, 1795 ఏప్రిల్‌లో చేసిన చట్టంలో గ్రాము అంటే ఏమిటో రాసుకున్నారు: మీటరులో నూరో వంతు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఘనంలో పట్టే శుద్ధమైన నీటి బరువు, అదీ మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర. అంటే ముందు పొడవు ఉంది, దాంట్లోంచి ఘనపరిమాణం వచ్చింది, దాన్ని నీళ్ళతో నింపితే బరువు వచ్చింది. పొడవుకూ బరువుకూ మధ్య వంతెనగా నీటిని ఎంచుకున్నారు. ఎందుకంటే నీళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి, మరిగించి ఆవిరి పట్టి శుద్ధి చేసుకోవచ్చు.

నాలుగేళ్ళకే, 1799లో ప్లాటినంతో అసలు కిలో ముక్క తయారుచేసేటప్పుడు, మంచు కరిగే ఉష్ణోగ్రతను వదిలి 4 డిగ్రీల సెల్సియస్‌కు మారారు. నాకు చాలా నచ్చిన నిర్ణయం ఇది. మరే ఉష్ణోగ్రతలోకన్నా 4 డిగ్రీల దగ్గరే నీరు తక్కువ చోటులో ఇముడుతుంది. అక్కణ్ణుంచి వేడెక్కినా వ్యాకోచిస్తుంది, చల్లబడినా వ్యాకోచిస్తుంది. శిఖరం మీద నిలబడితే అడుగు అటూ ఇటూ పడినా ఎత్తు పెద్దగా మారనట్టే, 4 డిగ్రీల దగ్గర థర్మామీటరు కొద్దిగా తప్పు చూపినా బరువు దాదాపు మారదు. తమ పనిముట్లు తప్పు చూపవచ్చని ముందే ఒప్పుకుని, ఆ తప్పు తక్కువ హాని చేసే చోటు వెతుక్కున్నారన్నమాట.

తర్వాత ముడి తిరగబడింది. 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ లీటరునే కిలో నీటి పరిమాణంగా నిర్వచించింది. దాంతో లీటరు, ఘన డెసిమీటరు (ప్రతి వైపూ పది సెంటీమీటర్లున్న ఘనం) కన్నా రవ్వంత పెద్దదైంది: 1.000028 రెట్లు. 1964లో ఆ నిర్వచనాన్ని రద్దు చేసి లీటరును మళ్ళీ ఘన డెసిమీటరుకే కట్టారు. 2019 మే 20 నుంచి కిలో కూడా లోహపు ముక్కను వదిలి ప్లాంక్ స్థిరాంకం అనే, ప్రకృతిలో ఎప్పుడూ మారని ఒక విలువ మీద నిలబడింది. ఇప్పుడు లీటరునూ కిలోనూ కలిపి ఉంచే నిర్వచనం ఏదీ లేదు. అయినా 4 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు తూస్తే 999.97 గ్రాములు. ముడి విప్పేసినా తాడు అలాగే పడి ఉంది. రెండు వందల ఏళ్ళనాటి చేతిపని అంత గట్టిది.

నా మాట మీద అనుమానం ఉంటే గ్యాలన్ల వైపు చూడండి. బ్రిటన్ 1824లో తన గ్యాలన్‌ను 62 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 10 పౌన్ల నీళ్ళు పట్టే పరిమాణంగా నిర్ణయించింది. అమెరికా మాత్రం 231 ఘనపు అంగుళాల పాత గ్యాలన్‌నే ఉంచుకుంది. అందులో నీళ్ళు దాదాపు 8.34 పౌన్లు తూగుతాయి. అమెరికా పైంటు నీళ్ళు ఇంచుమించు ఒక పౌను, బ్రిటన్ పైంటు నీళ్ళు పౌనుంబావు. నీళ్ళు అవే, పాత్ర పేరూ అదే, అంకెలే వేరు. మనకు 1 అనే అంకె దక్కడం మన కొలతలు కట్టిన వాళ్ళ చలవ.

స్నేహితుడి అభ్యంతరం

ఇదంతా ప్రయోగశాలలో పనిచేసే ఒక స్నేహితుడికి ఫోన్లో చెబితే వెంటనే అడ్డుపడ్డాడు. "4 డిగ్రీల దగ్గర ఎవరు కొలుస్తారు? 20 డిగ్రీల దగ్గర లీటరు 998.2 గ్రాములే. 30 దగ్గర 995.7. నీ లీటరు కిలో కాదు" అన్నాడు. నిజమే. 50 డిగ్రీలకు వెళితే 988, 80కి 972, మరుగు దగ్గర 958 గ్రాములకు దిగుతుంది. మరిగే నీళ్ళను లీటరు గీత దాకా పోసి కిలో అనుకుంటే 42 గ్రాములు తక్కువ పడతాయి. గడ్డకడితే ఇంకో సంగతి: బరువు ఏమీ మారదు, పరిమాణం మాత్రం నూటికి 9 వంతులు పెరుగుతుంది. ఫ్రీజర్లో గాజు సీసా పగిలేది అందుకే.

అతను అక్కడితో ఆగలేదు. తూకం కూడా పూర్తి నిజం చెప్పదన్నాడు. గాలిలో తూచినప్పుడు ఆ గాలి నీళ్ళను కొద్దిగా పైకి తోస్తుంది. లీటరు దగ్గర ఆ తేడా సుమారు ఒక గ్రాము. అందుకే 20 డిగ్రీల దగ్గర అసలు 998.2 గ్రాములున్న నీళ్ళకు తూకం 997.2 చూపిస్తుంది. ప్రయోగశాలల్లో పిపెట్ (కొద్దికొద్దిగా ద్రవాన్ని కొలిచి పోసే పనిముట్టు) సరిగ్గా పోస్తోందో లేదో చూడటానికి, అది పోసిన నీళ్ళను తూచి, వచ్చిన మిల్లీగ్రాములను, 20 డిగ్రీల దగ్గరైతే 1.0029తో గుణించి మైక్రోలీటర్లుగా మారుస్తారట.

మొదట ఇది నా వాదనకు గట్టి దెబ్బ అనుకున్నాను. రెండు రోజులు ఆలోచించాక, అతని మాటే నాకు బలం అనిపించింది. ప్రపంచంలో అంత సున్నితంగా పరిమాణం కొలవాల్సిన వాళ్ళు గీతలున్న పాత్రను నమ్మడం లేదు. నీళ్ళను తూచి, అక్కణ్ణుంచి పరిమాణానికి వస్తున్నారు.

ఎందుకో ఇంట్లోనే తెలుస్తుంది. 10 సెంటీమీటర్ల వెడల్పున్న జగ్గు తీసుకోండి. అందులో నీటి మట్టం ఒక్క మిల్లీమీటరు మారితే దాదాపు 8 మిల్లీలీటర్లు మారినట్టు. కన్ను కాస్త పైనుంచి చూస్తే, గీత కాస్త మందంగా ఉంటే, జగ్గు కాస్త వాలి ఉంటే ఆ ఒక్క మిల్లీమీటరు ఇట్టే పోతుంది. 30 డిగ్రీల నీళ్ళలో ఉష్ణోగ్రత వల్ల వచ్చే తేడా లీటరుకు 4.3 గ్రాములు. అంటే జగ్గును చదవడంలో అర మిల్లీమీటరు పొరపాటంత. నేను భయపడిన తప్పు కన్నా, పట్టించుకోని తప్పే పెద్దది.

అందుకే రెండు వైపులా మార్పిడి ఒకటే అని ఇప్పుడు అనుకోవడం లేదు. లీటర్లు కొలిచి కిలోలు చెప్పడంలో జగ్గు తప్పంతా కిలోల్లోకి వచ్చేస్తుంది. కిలోలు తూచి లీటర్లు చెప్పడంలో నీటి తప్పు ఒక్కటే వస్తుంది. అది చిన్నది, ఎంతో ముందే తెలిసినది, కావాలంటే సరిదిద్దుకోగలిగినది.

పది చెంచాల నీళ్ళు

పాప ఇంటికి వచ్చేటప్పుడు విటమిన్ చుక్కలతోపాటు పెద్దవాడికి జలుబు సిరప్ కూడా రాశారు, 5 ఎంఎల్ చొప్పున. సీసాతో వచ్చిన కొలమూత ఎక్కడో పోయింది. చెల్లెలు డ్రాయర్లోంచి ఒక చెంచా తీసి, "ఇది అయిదే ఉంటుందిలే అన్నయ్యా" అంది. వార్డులో చూసిన పని గుర్తొచ్చి ఆ చెంచా అడిగి తీసుకున్నాను.

ఇంట్లో తూకం ఒక గ్రాము కన్నా తక్కువను చూపించదు. అందుకని తూకం మీద ఖాళీ గ్లాసు పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నింపిన చెంచాతో పది సార్లు నీళ్ళు పోశాను. 36 గ్రాములు. అంటే ఒక్కో చెంచా 3.6 మిల్లీలీటర్లు. డ్రాయర్లోనే ఉన్న ఇంకో చెంచాకు పదికి 47 వచ్చాయి. కాస్త లోతుగా ఉన్న మూడోదానికి 68. చూడటానికి మూడూ "చిన్న చెంచాలే". మొదటిదాంతో మందు పోస్తే మూడో వంతుకు దగ్గరగా తగ్గుతుంది, మూడోదాంతో పోస్తే మూడో వంతు దాటి ఎక్కువవుతుంది. పసిపిల్లల మందు విషయంలో ఇది చిన్న తేడా కాదు. గీతలున్న సిరంజి కొనుక్కొచ్చాం. కొన్నాక దాన్నీ నీళ్ళతో తూచాను: పది సార్లకు 50.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 5 మిల్లీలీటర్ల సిరప్ 5 గ్రాములు తూగదు, చక్కెర ఉంటే ఇంకా ఎక్కువే తూగుతుంది. కాబట్టి సిరప్‌నే తూచి "5 గ్రాములు వచ్చింది, చాలు" అనుకుంటే మందు తక్కువ పడుతుంది. నీళ్ళతో తూచి తెలుసుకున్నది చెంచాలో ఎంత పడుతుందన్నది మాత్రమే. ఆ తర్వాత అందులో ఏది పోసినా పరిమాణం అదే. వంకర కూజాలో ఎంత పడుతుందో, గీతలు చెరిగిపోయిన బకెట్ ఎంతదో, కొత్తగా కొన్న కొలకప్పు గీత నిజమో కాదో, అన్నిటికీ ఇదే దారి. ఖాళీగా ఒకసారి, నీళ్ళతో ఒకసారి తూస్తే చాలు.

లీటర్లు అనగానే బరువు మరిచిపోతాం

ఇంకో వైపునుంచి కూడా ఈ సంబంధం జారిపోతుంది. ట్యాంకు, అక్వేరియం, తొట్టి అన్నీ లీటర్లలో అమ్ముతారు. లీటరు అనగానే మన బుర్రలో చోటు మెదులుతుంది, బరువు మెదలదు.

మా పెద్దన్నయ్య పిల్లల కోసం గాలి నింపే స్విమ్మింగ్ పూల్ ఒకటి తెచ్చి, రెండో అంతస్తు బాల్కనీలో పెడదామన్నాడు. గుండ్రటిది, రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు. ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క చేత్తో ఎత్తొచ్చు. నింపితే 1,570 లీటర్లు. ఆ అంకె విన్నప్పుడు ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. "ఒకటిన్నర టన్ను దాటుతుంది అన్నయ్యా, ఇరవై మందికి పైగా పెద్దవాళ్ళు అక్కడ ఒకరినొకరు ఆనుకుని నిలబడినట్టు" అన్నాక ఆగి, బాల్కనీ వైపు ఇంకోసారి చూశాడు.

లెక్క చాలా సులువు. చదరపు మీటరు నేల మీద ఒక సెంటీమీటరు ఎత్తున నీళ్ళు నిలిస్తే 10 కిలోలు. అర మీటరు నిలిస్తే 500 కిలోలు. ఇళ్ళలో గదుల నేలను చాలా దేశాల్లో చదరపు మీటరుకు ఇంచుమించు 200 కిలోలు మోసే లెక్కన కడతారు. బాల్కనీకి కొంత ఎక్కువ ఉండొచ్చు. ఏదైనా 20 సెంటీమీటర్ల నీళ్ళు దాటాక ఇంజినీరును అడగకుండా ముందుకు వెళ్ళకూడదు. పూల్ పెరట్లో నేల మీద పెట్టుకున్నారు.

వానకూ ఇదే లెక్క. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు, అంటే ఒక కిలో. 100 చదరపు మీటర్ల చదును కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడి, నీళ్ళు పోయే గొట్టం చెత్తతో మూసుకుపోతే, ఆ కప్పు 5 టన్నులు మోస్తున్నట్టు.

1 అనే అంకె కనబడదు

మేనల్లుడి 5 కిలోల నూనె దగ్గరికి మళ్ళీ వస్తాను. నీళ్ళను లీటర్లనుంచి కిలోల్లోకి మార్చేటప్పుడు మనం నిజానికి గుణిస్తున్నాం. లీటరుకు 1 కిలో చొప్పున, 1తో. 1తో గుణిస్తే అంకె మారదు కాబట్టి, గుణించామన్న సంగతే మనకు తెలియదు. గ్యాలన్లు, పౌన్లు వాడేవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు. వాళ్ళు 8.34తో గుణించక తప్పదు కాబట్టి, అక్కడ ఒక అంకె ఉందని, అది నీళ్ళదని గుర్తుంటుంది. మన కొలతల్లో ఉన్న సుఖమే ఆ అంకెను దాచేసింది.

వేరే ద్రవం రాగానే ఈ అలవాటు ఎంత దూరం తీసుకెళ్తుందో 1983 జులై 23న ఎయిర్ కెనడా 143వ విమానం విషయంలో తెలిసింది. కొత్త బోయింగ్ 767, ఇంధనాన్ని కిలోల్లో లెక్కించే విమానం. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. ఇంధన కొలత చూపే పరికరం పనిచేయకపోవడంతో ట్యాంకుల కొలపుల్లలతో చూస్తే 7,682 లీటర్లు ఉన్నాయి. దాన్ని కిలోల్లోకి మార్చడానికి వాడిన అంకె 1.77. అది లీటరుకు పౌన్లు. కిలోల్లో కావాలంటే 0.803 వాడాలి. ఆ లెక్కన 20,000 లీటర్లకు పైగా నింపాల్సింది పోయి, 5,000 లీటర్లు కూడా నింపలేదు. 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయింది. పైలట్లు ఇంజిన్లు లేకుండానే దాన్ని గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరం మీదికి దించారు. విమానంలో ఉన్న 69 మందీ బతికారు.

అక్కడ ఎవరికీ గుణకారం రాక కాదు. అంకె పక్కన "దేనికి, ఏ కొలతలో" అన్నది రాసి లేదు. 1.77 అన్నది చూసినప్పుడు, ఒక చమురు నీళ్ళకన్నా దాదాపు రెట్టింపు బరువెలా ఉంటుందని ఒక్కరికి తట్టినా సరిపోయేది. చమురు నీళ్ళ మీద తేలుతుంది కదా. నీళ్ళ 1ని మనసులో పక్కన పెట్టుకుని చూడటం అంటే ఇదే. నూనెకు 0.92, సముద్రపు నీటికి 1.025, పాదరసానికి 13.6. తేలేదైతే 1కి తక్కువ, మునిగేదైతే ఎక్కువ. ఇంతే తెలిసినా మావాడు ఆ 0.92ని వదిలేసేవాడు కాదు.

టీచరుగా పనిచేసే వదిన దీనికి ఒప్పుకోలేదు. చిన్న పిల్లలకు సాంద్రత అర్థమయ్యే వయసు రాకముందే లీటరూ కిలో నేర్పాలని, ముందు అలవాటు పడితే తర్వాత సరిదిద్దుకుంటారని అంది. ఆవిడ రోజూ నలభై మంది పిల్లలతో ఉంటుంది, ఆవిడ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. సాంద్రత అనే మాట అప్పుడే చెప్పనక్కర్లేదు. కానీ బోర్డు మీద "1 లీటరు = 1 కిలో" అని రాసేచోట "1 లీటరు నీళ్ళు" అని రాయడానికి ఏ వయసూ అడ్డు కాదు. ఒక సీసాలో నీళ్ళు, అదే సీసాలో నూనె పోసి పిల్లల చేతికిస్తే తూకం కూడా అక్కర్లేదు.

ఒంట్లో నీళ్ళు

నాన్నకు రెండేళ్ళుగా గుండె బలహీనంగా ఉంది. రోజూ పొద్దున్నే, బాత్రూముకు వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని పుస్తకంలో రాయమన్నారు డాక్టరు. మూడు రోజుల్లో రెండు కిలోలు దాటి పెరిగితే వెంటనే ఫోన్ చేయమన్నారు. మొదట్లో నాకు ఇది తిండికి సంబంధించిన జాగ్రత్త అనిపించింది. కాదు. మూడు రోజుల్లో రెండు కిలోల కొవ్వు పట్టదు. అంత త్వరగా చేరేది నీరే. పోయిన ఏడాది ఒకసారి 64.2 నుంచి రెండు రోజుల్లో 66.3కి వెళ్ళింది. కాళ్ళ వాపు మాకెవరికీ ఇంకా కనబడలేదు. తూకం చెప్పింది, రెండు లీటర్లు లోపల నిలిచిపోయాయని.

ఇక్కడ కూడా నా అనుమానం నాకు ఉంది. ఒంట్లో ఉన్నది శుద్ధమైన నీరు కాదు. రక్తం నీళ్ళకన్నా నూటికి అయిదారు వంతులు బరువు. మూత్రం కూడా కాస్త బరువే. అలాంటప్పుడు గ్రాముకు మిల్లీలీటరు అనడం, నేను మేనల్లుణ్ణి తప్పుపట్టినట్టే, తప్పు కాదా?

పాపను ఇంటికి పంపే ముందురోజు ఆ నర్సునే అడిగాను. "సిస్టర్, నీళ్ళకు సరే. దీనికి కూడా గ్రాముకు ఎంఎల్ అని రాయొచ్చా?"

"సరిగ్గా అంతే ఉండదు సార్, నూటికి ఒకటో రెండో తేడా ఉంటుంది" అన్నారు. "దాని సంగతి మాకు తెలుసు. అంతకన్నా, తడిసిన డైపర్‌ని ఆలస్యంగా తూస్తే ఆరిపోయేదే ఎక్కువ. అందుకే తీసిన వెంటనే తూస్తాం."

అంటూనే కొత్త డైపర్ ఒకటి విప్పి తూకం మీద పెట్టి, అంచున 23 అని రాసి పాపకు తొడిగారు.